మొదటి రోజు సున్నా కాదు

గెర్త్రూద నెత్సెల్‌కి ముక్కు మీద కోపం అని గ్దీన్యా రేవు పట్నంలో ఆమెతో పనిచేసిన వాళ్లంతా అంటారు. అది అబద్ధం. ముక్కు మీది కోపం వచ్చినంత త్వరగానే పోతుంది. ఈమెది ఒకసారి వస్తే ఇరవై ఏళ్లుంటుంది. రోజూ పొద్దున ఆమెతో పాటే లేచి, గాజు గ్లాసులో టీ తాగి, ట్రాలీబస్సులో పక్క సీట్లో కూర్చుని కాలేజీ దాకా వస్తుంది. ముప్పై ఏళ్లు ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లెక్కలు చెప్పింది. పిల్లలు చాటుగా ‘మైనస్ మేడమ్’ అనేవాళ్లు. పరీక్షలో ఎవడైనా మైనస్ గుర్తు వదిలేస్తే మిగతా కాగితం చూడకుండానే తిప్పి ఇచ్చేసేది మరి.

ఆ పిచ్చి ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే మొర్జిన్ వెళ్లాలి. పుత్స్క్ అఖాతం ఒడ్డున జాలర్ల ఊరది. వాళ్ల నాన్న బ్రునో నెత్సెల్ ఈల్ చేపలు పట్టేవాడు. రోజూ ఉదయం రేవు చివర పాతిన కొలకర్ర దగ్గరికి వెళ్లి, నిన్నటికంటే నీళ్లు ఎన్ని సెంటీమీటర్లు పెరిగాయో, తగ్గాయో ఒక పుస్తకంలో రాసేవాడు. ఎంత తేడా వచ్చిందో రాసేవాడు తప్ప ఎంత ఉన్నాయో రాసేవాడు కాదు.

“ఎంతున్నాయో రాయకుండా ఈ తేడాలెందుకయ్యా బ్రునో?” అని ఊరి బడి పంతులు నవ్వాడొకసారి.

“ప్రతి చలికాలం మంచు కర్రని తోసేస్తుంది పంతులుగారూ. వసంతంలో నేను మళ్లీ పాతుతాను, ఈలోపు రేవు గుంజ మీద గీతలు గీసి తేడా చూసుకుంటాను. ఎంతున్నాయో రాస్తే అది కర్ర సంగతి. ఎంత మారాయో రాస్తే అది నీళ్ల సంగతి” అన్నాడు బ్రునో.

ఆరేళ్ల గెర్త్రూద పని ఆ పుస్తకం తడవకుండా కోటు లోపల దాచి మోయడం. అంకె నాన్న చెప్పేవాడు, పెరిగిందో తగ్గిందో ఆమె చెప్పాలి. తగ్గిందని చెప్పడం మర్చిపోతే నెత్తిన మొట్టికాయ పడేది. “ఒక్క రోజు తగ్గుదల మర్చిపోతే ఆ తర్వాత రోజులన్నీ అబద్ధమైపోతాయే” అనేవాడు. పంతొమ్మిది వందల ఇరవయ్యారులో మొదలుపెట్టిన ఆ రాతలు నలభై నాలుగులో ఆగిపోయాయి. ఆ శరదృతువులో సైనికులు వచ్చి బ్రునోని తీసుకెళ్లారు. ఆయన మళ్లీ రాలేదు. పుస్తకాలు మాత్రం వలల కొట్టులో, హెర్రింగ్ చేపలు ఊరబెట్టే రేకు డబ్బాలో భద్రంగా ఉండిపోయాయి.

యుద్ధం అయ్యాక గెర్త్రూద గ్దాన్స్క్ వెళ్లి లెక్కలు చదివింది. అప్పట్లో ఆ తీరమంతా ఒక కొత్త రకం కలనగణితం గాలి వీస్తోంది. అందులో అసలు సంగతులు మూడే. తేడా తీయడం ఒకటి, ఆ తేడాలన్నీ తిరిగి కూడడం రెండోది, మొదలు ఎక్కడో గుర్తుపెట్టుకోవడం మూడోది. తేడాలు తీసి మళ్లీ కూడితే పోయినదంతా తిరిగి వస్తుంది, ఒక్క మొదలు తప్ప. అది ఎవరో ఒకరు చెప్పాల్సిందే. పెద్ద పెద్ద వాళ్లు దీన్ని నున్నగా సాగే వక్రరేఖల మీద చేస్తుంటే ఆమె మాత్రం మెట్లు మెట్లుగా నడిచే అంకెల వరసల మీద చేసింది. నేటి నుంచి రేపటికి తేడా అయితే ఒక్క మొదలు చాలు. రోజు విడిచి రోజుకి తేడా తీస్తే రెండు మొదళ్లు కావాలి. ఇలా రకానికొక నమూనా కట్టుకుంటూ పోయింది. ఈ కలనగణితం గురించి విన్న మొదటి రోజు క్లాసులో ఆమెకి కన్నీళ్లొచ్చాయి. ఇదంతా ఎక్కడిదో ఆమెకి అప్పటికే తెలుసు.

ఆమె నమూనాల్లో ఒక విశేషం ఉంది. మొదలు అంటే వరసలో మొదటి అంకె అని కాదు. నీకు ఖాయంగా తెలిసిన చోటు ఏదైతే అదే మొదలు, అది నడిమధ్య ఉన్నా సరే. అక్కణ్ణుంచి ముందుకి కూడుకుంటూ పోవాలి, వెనక్కి తీసేసుకుంటూ పోవాలి. ఆ తీసేయడం దగ్గరే నూటికి తొంభై మంది బోల్తా పడతారు.

ఇది శాఖాధిపతి ప్రొఫెసర్ హిలారి వొజ్నిత్సకి నచ్చలేదు. మహా మర్యాదస్థుడు. ఆడవాళ్లు ఎదురైతే వంగి చేతికి ముద్దు పెట్టుకుంటాడు, ఆ వంగినప్పుడే వాళ్ల కాళ్ల కింద నేల లాగేస్తాడు. ప్రొఫెసర్ కావాలంటే డాక్టరేటు మీద ఇంకో పెద్ద గ్రంథం రాసి నెగ్గాలి. గెర్త్రూద గ్రంథాన్ని ఆయన పదకొండేళ్లు బల్ల సొరుగులో పెట్టుకున్నాడు.

“డాక్టరమ్మగారూ, అందరూ సున్నా దగ్గరే మొదలెడతారు, హాయిగా ఉంటుంది. మీకీ వెనక్కి నడిచే సరదా ఏమిటండీ?” అనేవాడు.

“సున్నాకి వెనక ఏమీ లేదని మీకెవరు చెప్పారు ప్రొఫెసర్ గారూ?”

“చూశారా, ఇది పట్టుదల. గణితం కాదు.”

ఆమె పళ్లు నూరుకుంటూ బయటికొచ్చేది. ఆ పదకొండేళ్లలో ఆయన శిష్యులు ముగ్గురు ఆమె నమూనాల్ని సున్నా దగ్గర మొదలయ్యేలా కత్తిరించి సొంత పేర్లతో వ్యాసాలు వేసుకున్నారు. ఆ మైనస్ వైపు ఒక్కడూ తొంగి చూడలేదు. దొంగతనం చేసేవాడైనా పూర్తిగా చెయ్యాలి కదా, సగం ఎత్తుకెళ్లి మిగతా సగం చెత్త అన్నారే అని ఆమెకి ఒళ్లు మండిపోయేది.

డెబ్బై ఆరు మార్చిలో, ఆమె పేరున్న సాధ్వి పండుగ రోజైన నామదినానికి తమ్ముడు గుస్త్ మొర్జిన్ నుంచి వచ్చాడు. పొగబెట్టిన ఈల్ చేప కాగితంలో చుట్టి తెచ్చాడు. ఒతీలియ చేసిన గసగసాల కేకు కూడా తెచ్చాడు. ఒతీలియ అతని భార్య. టీ తాగుతూ, కొమ్ముతో చేసిన డబ్బీలోంచి ముక్కుపొడి పీలుస్తూ చల్లగా చెప్పాడు.

“మాకు కొత్త ఇళ్లొస్తున్నాయి ట్రూడా. రేవు దగ్గర గుడిసెలన్నీ తీసేస్తారట. దిగువ పచ్చికలో పద్నాలుగు ఇళ్లు. లోపలే కుళాయి, లోపలే స్నానాల గది.”

“దిగువ పచ్చికలోనా? నీళ్లొస్తే?”

“అదంతా చూశారులే. ఇంజనీర్ తెక్లాక్ అని మంచివాడు. నాన్న పుస్తకాలున్నాయని చెబితే ఎగిరి గంతేశాడు. అంత పాత లెక్క ఈ తీరంలో ఇంకెక్కడా లేదట. అంతా కూడి చూశాడు. ముప్పైలో వచ్చిన పెద్ద నీరు కూడా సగటు మట్టం మీద అరవై నాలుగు సెంటీమీటర్లేనట. గచ్చు తొంభై సెంటీమీటర్ల ఎత్తులో వేస్తారు.”

గెర్త్రూద చేతిలో కేకు ముక్క అలాగే ఆగిపోయింది. ఆ ముప్పై సంవత్సరం నవంబరులో ఆమె ఏడాది పిల్ల. నీళ్లు ఇంట్లోకొస్తే ఉయ్యాలని బల్ల మీదికి ఎక్కించామని అమ్మ బతికున్నంత కాలం చెప్పేది.

“అరవై నాలుగుకి మన కొట్టు గడప కూడా తడవదురా. వాడు ఎక్కడ మొదలెట్టాడు?”

“ఎక్కడేంటి, మొదటి పేజీలోనే.”

“మొదటి పేజీలో నీళ్లు ఎంతున్నాయని అనుకున్నాడు?”

గుస్త్ తల గోక్కున్నాడు. “సున్నా అనుకుని ఉంటాడు. మామూలు రోజే కదా.”

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. మర్నాడే బస్సెక్కి తెక్లాక్ ఆఫీసుకి వెళ్లి పుస్తకాలు వెనక్కి తెచ్చుకుంది. రెండు వారాలు కాలేజీ నుంచి రాగానే కిటికీ దగ్గర కూర్చుని పేజీలు తిప్పింది. ముప్పయ్యొకటి ఏప్రిల్ తొమ్మిదో తేదీ దగ్గర అంచులో చిన్న అక్షరాలున్నాయి. సర్వే వాళ్లు వచ్చారు, కర్ర నేనే పట్టుకున్నాను, ఇవాళ నీళ్లు సగటుకి ఆరు తక్కువ అన్నారు, అని. అంతే, ఆమెకి మొదలు దొరికింది. అక్కణ్ణుంచి వెనక్కి నడిచింది. పెరిగినదంతా తీసేస్తూ, తగ్గినదంతా కలుపుతూ ముప్పై నవంబరు దాకా వచ్చేసరికి నూట నలభై రెండు తేలింది.

అక్కడ ఆగలేదు. ఇంకా వెనక్కి, ఇరవయ్యారు దాకా వెళ్లింది. మొదటి రోజున నీళ్లు సగటు మీద డెబ్బై ఎనిమిది. ఆ పేజీ పైన నాన్న తన యాసలో ఒక వాక్యం రాసి ఉన్నాడు. తెక్లాక్ అంకెలే చూశాడు కాబట్టి అది చదవలేదు. ‘ఇవాళ నీళ్లు కొట్టు గడపని ముట్టాయి. ఇక ఊరుకోను, రోజూ రాస్తాను.’

ఆమె మొర్జిన్ వెళ్లి, ఒక సర్వే పనివాణ్ణి బతిమాలి కొట్టు గడప కొలిపించింది. డెబ్బై ఏడు. అయిదేళ్ల తేడాలు కూడితే నాన్న లెక్క ఒక్క సెంటీమీటరే దారి తప్పింది. మనిషన్నవాడు మామూలు రోజున పుస్తకం మొదలెట్టడు, ఒళ్లు మండిన రోజున మొదలెడతాడు. ఈ చిన్న సంగతి తెలియని వాడి చేతిలో పద్నాలుగు కుటుంబాల గచ్చు ఉంది. ఏడు పేజీల నోటు రాసి, గచ్చు నూట అరవైకి తక్కువ వేయకూడదని కింద గీత గీసి, ఆ ఆఫీసు ఫైల్లో చేర్పించి రసీదు తీసుకుంది.

మే నెలలో ఊరి బడిలో సమావేశం పెట్టారు. జాలర్లు చిన్న బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కాలేజీ తరఫున అభిప్రాయం చెప్పడానికి ప్రొఫెసర్ వొజ్నిత్స వచ్చి, ఒతీలియ చేతికి కూడా ముద్దు పెట్టాడు. గెర్త్రూద సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద పది రోజుల అంకెలు వేసి, వెనక్కి ఎలా నడవాలో చూపించింది. కాలేజీలో మూడో ఏడాది వాళ్లకి నెల పట్టేది జాలర్లకి పావుగంటలో ఎక్కింది.

“అంతేగా. ఇవాళ పడవ ఎక్కడుందో తెలిసి, వచ్చిన దారి తెలిస్తే, ఎక్కడ బయల్దేరామో తెలీదా?” అన్నాడు ముందు బెంచీ ముసలాయన.

తెక్లాక్‌కీ అర్థమైంది. ప్రొఫెసర్ వైపు తిరిగి అడిగాడు. “చెప్పండి సార్, డాక్టరమ్మగారి లెక్క సరైనదేనా?”

ప్రొఫెసర్ లేచి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

“మీ కూడికలో తప్పు లేదు ఇంజనీరు గారూ. మా డాక్టరమ్మగారి తీసివేతలోనూ తప్పు లేదు. మొదలు ఎక్కడ పెట్టుకోవాలన్నది ఎవరి ఇష్టం వారిది. గణితపరంగా చూస్తే రెండూ ఒప్పే.”

“ఎవరి ఇష్టం వారిదా?” గెర్త్రూద సుద్దముక్క నేలకేసి కొట్టింది. “నీళ్లకి కూడా ఇష్టమేనా, అడిగారా? మీకు తెలుసు ప్రొఫెసర్ గారూ. పదకొండేళ్లు నా గ్రంథం మీ సొరుగులో ఉంది. మీరు చదివారు. అర్థం కాక కాదు, ఒప్పుకుంటే నేను సరైనదాన్నని అనాలని భయం. ఆ భయానికి వీళ్ల పడగ్గదుల్లో నీళ్లు పోస్తున్నారు.”

“కోపం వాదన కాదు డాక్టరమ్మగారూ” అన్నాడాయన మెత్తగా.

ఆమె సుద్ద అంటిన చేతులు దులుపుకుని బయటికి నడిచింది. తెక్లాక్ నడవలో ఆమె వెనకే వచ్చి, గొంతు తగ్గించి మాట్లాడాడు. “మీరే కరెక్టమ్మా. నేను తప్పు చేశాను. కానీ పునాదులకి సిమెంటు కోటా అయిపోయింది. ఇంకో డెబ్బై సెంటీమీటర్లంటే పైనుంచి రాదు. రెండూ ఒప్పేనని ప్రొఫెసర్ అన్నాక నేను పైకి ఏమని రాయను?”

“తప్పు చేశానని రాయి.”

అతను రాయలేదు. శరదృతువు కల్లా గచ్చులు తొంభైలో పడ్డాయి. అంతకంటే ఘోరం, గుస్త్ అక్కడి కొత్త ఇంటి తాళంచెవి తీసుకున్నాడు.

“సిగ్గులేదురా నీకు? నల్లబల్ల ముందు కూర్చుని చూశావు కదా” అని ఆమె మండిపడింది.

“చూశాను. నువ్వే కరెక్టు. కానీ నీళ్లు ఎప్పుడొస్తాయో నీ లెక్కలో లేదుగా. ఒతీలియ చలికాలంలో బావి దగ్గర మంచు పగలగొట్టి బిందెలు మోస్తోంది ట్రూడా, అది మాత్రం రోజూ ఉంది. గ్దీన్యాలో నీ ఇంట్లో కుళాయి ఉంది. నాకూ కావాలి.”

ఆ మాట నిజమని ఆమెకి తెలుసు. తెలిసినందుకు ఇంకా కోపం వచ్చింది. ఆరేళ్ల పాటు ఆ ఇంట్లో అడుగు పెట్టలేదు. ఒతీలియ కేకు పంపితే తినేది, కబురు మాత్రం పంపేది కాదు.

ఎనభై మూడు జనవరిలో ఉత్తరపు గాలి మూడు రోజులు వీచింది. అఖాతంలోకి నెట్టుకొచ్చిన నీళ్లు బయటికి పోలేదు. మూడో రోజు మధ్యాహ్నం దిగువ పచ్చిక అఖాతంలో కలిసిపోయింది. నూట ముప్పయ్యొకటి దాకా వచ్చాయి. పద్నాలుగు ఇళ్లలో గచ్చు మీద నలభై ఒక్క సెంటీమీటర్ల నీళ్లు, వాటి మీద తేలే మంచుపెళ్లలు. ఎవరూ చనిపోలేదు. ఒతీలియ మాత్రం మంచం మీద నిలబడి అయిదు గంటలు తడిబట్టలతో ఆ చలిలో పడవ కోసం చూసింది. అందరినీ తెచ్చి బడిలోనే పడుకోబెట్టారు.

వారం తర్వాత గెర్త్రూద అక్కడికి వెళ్లేసరికి తెక్లాక్ ఒక కాగితంతో ఎదురుచూస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

“మునుపెన్నడూ నమోదు కాని నీళ్లు వచ్చాయని రాస్తే ఇది ప్రకృతి వైపరీత్యం కింద వస్తుందమ్మా. కొత్త ఇళ్లు వెంటనే కడతారు. ముందే తెలుసని తేలితే విచారణ వేస్తారు. మూడేళ్లో, అయిదేళ్లో. అప్పటిదాకా వీళ్లు ఇక్కడే. ప్రొఫెసర్ గారు సంతకం పెట్టేశారు. ఫైల్లో మీ నోటు ఒక్కటే అడ్డం.”

ఆమె కాగితం తీసుకుని పైకే చదివింది. బ్రునో నెత్సెల్ అనే జాలరి రాతలు శాస్త్రీయంగా నమ్మదగినవి కావని, వాటి ఆధారంగా తాను డెబ్బై ఆరులో ఇచ్చిన ఏడు పేజీల నోటును ఉపసంహరించుకుంటున్నానని, కింద డాక్టర్ గెర్త్రూద నెత్సెల్ అని అచ్చు వేసి సంతకానికి చోటు వదిలారు.

“ఇది రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందయ్యా?” అంది.

తెక్లాక్ పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. గుస్త్ మాట్లాడాడు. ఆరేళ్ల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట.

“నాన్న పోయి ముప్పై ఎనిమిదేళ్లయింది ట్రూడా. ఒతీలియకి ఈ దగ్గు వారం నుంచి ఉంది.”

గోడవారగా మడత మంచం మీద ఒతీలియ రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంది. దగ్గు వచ్చినప్పుడల్లా మంచం కిర్రుమంటోంది. గెర్త్రూదకి అందరి మీదా కోపం వచ్చింది. చదివి కూడా నోరు విప్పని ప్రొఫెసర్ మీద, నిజం తెలిసీ రాయని ఈ మంచివాడి మీద, కుళాయి కోసం తాళంచెవి తీసుకున్న తమ్ముడి మీద. రోజూ ఉదయం పిల్లని వెంటేసుకెళ్లి, ఒక్క తగ్గుదల మర్చిపోతే అంతా అబద్ధమవుతుందని మొట్టికాయలు వేసి నేర్పిన నాన్న మీద కూడా వచ్చింది. అందరికంటే ఎక్కువగా ఆయన మీదే వచ్చింది.

“కొత్త గచ్చు ఎంతలో వేస్తారు?” అని అడిగింది.

“మీరు ఎంతంటే అంత. ఎన్నడూ రాని నీళ్లు అని ఉంటే పైవాళ్లు కాదనరు.”

“నూట అరవై అని ఈ కాగితం మీదే రాయి. ముద్ర వెయ్యి.”

అతను రాశాడు. ముద్ర వేశాడు. ఆమె బడి బెంచీ మీద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసింది. తర్వాత ఒతీలియ దగ్గరికి వెళ్లి దుప్పటి సర్ది, సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. గుస్త్ బస్టాపు దాకా వచ్చాడు, ఆమె తల తిప్పలేదు.

మరుసటి ఏడాదికి పద్నాలుగు ఇళ్లు నూట అరవైలో లేచాయి. మెట్లు ఎక్కువైపోయాయని ముసలివాళ్లు ఇప్పటికీ సణుగుతారు. ఇళ్లు భద్రంగా ఉన్నాయి. ఆ ఆఫీసు ఫైలు తెరిస్తే మాత్రం మొర్జిన్‌లో నీళ్ల లెక్క ఎనభై మూడు జనవరిలో మొదలవుతుంది. దానికి ముందు రాసిందేదీ నమ్మదగినది కాదని కింద ఆమె సంతకం ఉంది.